అడితత్త కొంగులో రాతిచెక్క

అడితత్త పోయింది. కబురు తెచ్చిన బండివాడు ఒక గుడ్డమూట కూడా తెచ్చి నా చేతిలో పెట్టాడు. విప్పకముందే అందులో ఏముందో నాకు తెలిసిపోయింది. వేలెడు పొడవున్న చెక్కపేడు, ఒకవైపు బాకు మొనలా సన్నగా ఉంటుంది. బెరడు రంగు, నారల గీతలు, ఒక మూల చిన్న ముడి, అన్నీ ఉంటాయి. ఎవరు చూసినా చెక్కే అంటారు. అరచేతిలో పెట్టుకుంటే మాత్రం చల్లగా, బరువుగా ఉంటుంది. అది రాయి.

“అమ్మికి ఇచ్చీమంది. ఇంకేటీ సెప్పలేదు,” అన్నాడు బండివాడు.

ఇంకేం చెప్పాలి? ఆ పేడు ఆవిడ మొగుణ్ణి చంపింది. దాన్ని ఆవిడ బతికినన్నాళ్ళూ కొంగున ముడేసుకుని తిరిగింది.

పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. నా వల్ల కాదు. అడితత్త మంచిదని నేను చెప్పను. ఆవిడ పగ పట్టిన మనిషి. పట్టిన పగని పసిపిల్లని సాకినట్టు సాకింది. వేళకి తిండి పెట్టింది, ఎండా వానా తగలకుండా చూసింది, దాన్ని పెద్దచేసి పని పూర్తి చేయించుకుంది. చేతకాక ఊరుకుని, పైకి మాత్రం క్షమించేశామని చెప్పుకునేవాళ్ళని నేను చాలామందిని చూశాను. వాళ్ళందరికంటే నాకు ఆవిడే నచ్చింది.

మా నాన్న సంస్థానం కచేరీలో గుమస్తా. రాయగడలో మా ఇంటి పక్కనే వాళ్ళ కర్రల అడితి. వాళ్ళు పార్వతీపురం వైపు నుంచి వచ్చిన వర్తకులు. మాకు చుట్టరికం ఏమీ లేదు. మా నాన్న ఆవిడని చెల్లెమ్మా అనేవాడు కాబట్టి నాకు అత్త అయింది. అడితిలో ఉంటుంది కాబట్టి అడితత్త అయింది. ఊళ్ళో పెద్దవాళ్ళు కూడా ఆ పేరే వాడేవారు.

పొడుగు మనిషి. మోచేతులు ఎప్పుడూ రంపపు పొట్టుతో పసుపు రాసుకున్నట్టుండేవి. తొందరపడి నడవడం ఎవరూ చూడలేదు. ఆవిడకి ఒక అలవాటు ఉండేది. ఎదురుగా ఏది కనిపించినా తట్టి చూసేది. అడితిలోకి మాను దిగితే కొంగుముడి విప్పి, ఆ రాతిపేడుతో ఒక కొసన టక్కున తట్టి, రెండో కొసన చెవి ఆనించేది. “పుచ్చింది.” “తడారనేదు.” “ఇది మంచి మాను, పక్కన పెట్టండి.” అంతే, ఇంక దానికి తిరుగులేదు. అడితిలోనే కాదు. సంతలో పనసకాయని తట్టేది, కుండని తట్టేది, కొత్తగా కట్టిన గోడని తట్టేది. మా పిన్ని పెళ్ళిచూపులకి పెళ్ళికొడుకు వచ్చి కూర్చుంటే వంటింటి గుమ్మంలోంచి మా అమ్మతో, “ఒదినా, పైకి నునుపుగానే ఉన్నాడు. ఓసారి తట్టి సూడమందునా?” అంది. మా అమ్మ నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరిగెత్తింది.

అడితికి కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ముందు ఒక పరీక్ష ఉండేది. కొంగుముడి విప్పి పేడు చూపించి, “ఇదేటి?” అని అడిగేది.

“చెక్క.”

అప్పుడు దాన్ని వాళ్ళ అరచేతిలో పెట్టేది. “ఇప్పుడు సెప్పు.”

“అమ్మో, రాయి.”

“ఆఁ. గుర్తెట్టుకో.”

ఆ మాట అనిపించుకున్నాకే బేరం మొదలుపెట్టేది. నేను చిన్నప్పుడు ఇదొక ఆట అనుకునేదాన్ని. అది ఆట కాదని తర్వాత మా అమ్మ చెప్పింది.

ఎండాకాలంలో సంస్థానం వాళ్ళు అడవిగెడ్డల్లో, అంటే వాగుల్లో, కూలిపడిన మాన్లని వర్తకులకి ఇచ్చేవారు. దానికొక పద్ధతి ఉండేది. అడవుల మీద అధికారి, అమీను, స్వయంగా వెళ్ళి ప్రతి మాను మీదా ముద్రసుత్తి వెయ్యాలి. ఆ సుత్తి మొహాన సంస్థానం గుర్తు ఉంటుంది. ఒక్క దెబ్బ వేస్తే గుర్తు చెక్కలోకి దిగుతుంది. గుర్తుపడ్డ మాన్లన్నీ వర్తకుడు వానలు పడేలోగా ఎత్తుకుపోవాలి. ఒక్కటి వదిలేసినా మళ్ళీ అతన్ని అడవిలో అడుగు పెట్టనివ్వరు. కర్రల వర్తకుడికి అడవి మూసేస్తే ఇంక నోట్లో మట్టే.

ఆ ఏడు బిస్సమ్ కటక్ దారిలో ఒక గెడ్డలో ఇసకలో సగం కూరుకుపోయిన పెద్ద మాను కనపడింది. బెరడు పగుళ్ళున్నాయి. కొమ్మ విరిగిన చోట మోడు ఉంది. తెగిన కొసన వలయాలు కూడా ఉన్నాయి. నల్లమద్ది అన్నారు అందరూ. అమీను సుత్తి వేశాడు. గుర్తు సరిగ్గా పడలేదేమో, పక్కనున్న బంట్రోతు చేత ఎర్రమట్టితో గీత గీయించి, “మద్ది మాను ఒకటి,” అని ముందుకు నడిచాడు. గట్టి మాన్ల మీద గుర్తు దిగకపోతే గీత గీయడం మామూలే. అడితత్త పెనిమిటి కూడా వెనకాలే ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ కర్రల మధ్యే పెరిగిన మనిషి. బెరడు చూశాడు, ముడులు చూశాడు, సరే అన్నాడు. తట్టి చూడలేదు. వర్తకులు బెరడు చూసి మాను కొంటారు, తట్టడం కోతగాళ్ళ పని. ఆయన ఆ రోజు తట్టకపోయినందుకే ఆవిడ తర్వాత కనపడినదాన్నల్లా తట్టింది.

కోతగాళ్ళు రంపం పెట్టారు. పళ్ళు విరిగాయి. ఇంకో రంపం పెట్టారు. అదీ అంతే. అప్పుడు ఇసక తవ్వి చూస్తే మాను మొత్తం రాయి.

ఆయన ఆ ఎండలోనే రాయగడ వచ్చి అమీను ఇంటి అరుగు ముందు నిలబడ్డాడు. అమీను ఇల్లు అడితికి ఎదురుగానే, వీధికి అవతల. అరుగు మీద పదిమంది ఉన్నారు.

“అమీను బాబూ, అది రాయి. మాను కాదు.”

“సంస్థానం సుత్తి పడ్డాక అది మానేనయ్యా,” అన్నాడు అమీను. “నువ్వు రాయంటే నా సుత్తి అబద్ధమా? నేను గుడ్డివాణ్ణా?”

“ఓసారి ఒచ్చి సూడండి బాబూ.”

“చూసే సుత్తి వేశాను. వానలు పడేలోగా ఎత్తు. కొయ్యడం చేతకాకపోతే పగలగొట్టి ఎత్తు.”

అరుగు మీదవాళ్ళు నవ్వారు. రాతిని మానని కొన్న వర్తకుడు! నవ్వకేం చేస్తారు? మర్నాటికి ఊరంతా నవ్వింది.

రాళ్ళు కొట్టేవాళ్ళు పెద్ద బండని పగలగొట్టాలంటే దాని చుట్టూ నిప్పు పెట్టి, బాగా కాగాక చన్నీళ్ళు కొడతారు. ఆయన అదే చేశాడు. గెడ్డలో తుప్పలు పోగేసి ఆ మాను చుట్టూ మంట పెట్టించాడు. కట్టెలా ఉన్నదాని చుట్టూ కట్టెలు కాలిపోతుంటే అది మాత్రం నల్లగా అలాగే ఉందిట. నీళ్ళు కొట్టారు. ఒక పక్క పగిలింది. ఎంతవరకు పగిలిందో చూద్దామని ఆయన దగ్గరికెళ్ళి వంగాడు. అప్పుడు రెండో పక్క పేలింది. ఈ పేడు ఆయన మెడ కింద దిగింది.

బండి మీద ఇంటికి తెచ్చారు. పుండు చెడి జ్వరం పట్టుకుంది. వానలు పడకముందే పోయాడు. ఆ జ్వరంలో ఆయన అడిగింది మందూ కాదు, నీళ్ళూ కాదు. “నేను అబద్ధం ఆడనేదే. అది రాయే కదే?” అని పెళ్ళాన్ని అడిగేవాడు. ఆవిడ “రాయే” అనేది. కాసేపటికి మళ్ళీ అడిగేవాడు.

ఆయన పోయిన రోజున పలకరింపుకి వచ్చినవాళ్ళతో అమీను అన్న మాట ఊళ్ళో అందరూ విన్నారు. “కోత చేతకాక సంస్థానం మానుకి నిప్పెట్టాడు. తగలెట్టేస్తే ఎత్తే బాధ ఉండదనుకున్నాడు. దొంగబుద్ధి. దానికి తగ్గట్టే అయింది.”

పోయినవాడు తిరిగి వచ్చి కాదనలేడు కదా. వెర్రివాడు అన్నా ఆవిడ భరించేదేమో. ఈ మాట మాత్రం ఆవిడ మింగలేదు. ఆ అమీను నోటితో, లేదా ఆ ఇంట్లో ఎవరి నోటితోనైనా, నడివీధిలో, అది రాయి అని చెప్పించాలి. మొగుడు దొంగా కాడు, అబద్ధాలకోరూ కాడు అనిపించాలి. ఆవిడకి ఆ తర్వాత బతుకంతా ఆ ఒక్క పనే.

మైల తీరిన మొదటి వారం బళ్ళు కట్టించుకుని గెడ్డకి వెళ్ళింది. పగిలిన మానులో అన్నిటికంటే పెద్ద ముక్కని ఎడ్లచేత లాగించి తెచ్చి అడితి గుమ్మం ముందు, సరిగ్గా అమీను అరుగుకి ఎదురుగా దింపించింది. ఆయన అరుగు మీదే కూర్చుని ఉన్నాడు.

“అమీను బాబూ, నీ మాను ఎత్తేను. మీద నీ సుత్తి గుర్తు ఎక్కడున్నాదో వచ్చి సూపించు,” అంది.

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి రోజూ ఇదే. అమీను పళ్ళు తోముకోవడానికి అరుగు మీదికి వచ్చే వేళకి ఆవిడ బిందెతో నీళ్ళు తెచ్చి ఆ రాతిమానుని కడిగేది. దారిన పోయేవాళ్ళని ఆపి, “ఇదేటి?” అని అడిగేది. “రాయి” అనేవారు వాళ్ళు, తొందరగా వదిలించుకుందామని. ఒడియావాళ్ళు “పథర” అనేవారు. సంతరోజున పసుపూ చింతపండూ మోసుకుని దిగే కొండ ఆడవాళ్ళు తమ భాషలో చెప్పేవారు. ఆవిడకి ఆ మాట అన్ని భాషల్లోనూ వచ్చేసింది. అమీను కుర్చీని అటు తిప్పి వేసుకున్నాడు. ఆవిడ గొంతు పెంచింది. ఆయన అరుగుకి వెదురుతడిక కట్టించాడు. ఆవిడ రాతిమాను కింద అరుగు కట్టించి తడికకి పైగా లేపింది. మా నాన్నకి నడుమ నలిగిపోయినట్టుండేది. ఒకపక్క పై అధికారి, ఇంకోపక్క చెల్లెమ్మ. “ఇంక ఊరుకోమ్మా, పోయినవాడు ఎలాగూ పోయాడు,” అనేవాడు.

“ఆయన పోయేడన్నా. ఆ మాట పోనేదు,” అనేది.

అమీను ఇంటికి మాత్రం ఆవిడ ఒక్క పుల్ల ఇవ్వలేదు. “ఆ ఇంటి పొయ్యిలోకి నా అడితి కట్టె ఎల్లదు,” అనేసింది. వాళ్ళు పండగ పిండివంటలకి కూడా వేరే చోటునుంచి తెచ్చుకునేవారు. అంతకుమించి వాళ్ళకి కీడు తలపెట్టలేదు. చేతబడులు చేయించలేదు, చాడీలు చెప్పలేదు. వాళ్ళ పిల్లలు ఆడుతూ అడితిలోకి వస్తే బెల్లంముక్క పెట్టి, “ఇదేటిరా?” అని అడిగేది. అదే ఆవిడ దుర్మార్గం.

మధ్యలో ఒక చిక్కొచ్చింది. మనవాళ్ళు రాయి కనపడితే ఊరుకుంటారా? ఎవరో పొద్దున్నే వచ్చి రాతిమానుకి పసుపు పూసి బొట్టు పెట్టారు. ఇంకెవరో కొబ్బరికాయ కొట్టారు. ఏదో ఊరి నుంచి ఒక పూజారి వచ్చి, మాను రాయైందంటే మామూలు సంగతి కాదు, ఇక్కడ పందిరి వేద్దామన్నాడు. వేరేవాళ్ళైతే పొంగిపోయేవారు. ఆవిడ బిందెడు నీళ్ళు తెచ్చి పసుపూ బొట్టూ ఆయన కళ్ళముందే కడిగేసింది.

“తప్పమ్మా,” అన్నాడు పూజారి.

“దేవుడైతే క్షమించీమంటారు బాబూ. ఇది దేవుడు కాదు, సాక్షి. దండాలెట్టకండి,” అంది.

మళ్ళీ ఎవరూ పెట్టలేదు.

రైలుదారి వేస్తున్న రోజుల్లో కలకత్తా నుంచి రాళ్ళ శాస్త్రం చదివిన ఒక బాబు రాయగడ వచ్చాడు. వంతెనలకి ఏ రాయి పనికొస్తుందో చూడడం ఆయన పని. అడితి ముందు ఆగి ఆ రాతిమానుని చూసి గుర్రం దిగాడు. గాజుబిళ్ళ కంటికి పెట్టుకుని పగిలిన కొసని అలా చూస్తూ ఉండిపోయాడు. ఆయన ఒడియా, హిందీ కలిపి మాట్లాడుతుంటే మా నాన్న తెలుగులో చెప్పాడు. నేను అడితత్త చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్నాను.

ఇది ఒకప్పుడు చెట్టేనట. మనుషులు పుట్టకముందు, పిట్టలు పుట్టకముందు, పువ్వులనేవే లేనప్పుడు బతికిన చెట్టు. అప్పటి అడవుల్లో అంతా ఇలాంటి మాన్లేనట, పూతా లేదు, తేనెటీగలూ లేవు. ఏ వరదకో కూలి బురద కింద పడింది. గాలి తగలక కుళ్ళలేదు. నీళ్ళలో కరిగిన రాతిసారం నార నారలోకీ ఎక్కి, చెక్క పోయిన చోటల్లా రాయి చేరింది. ఇది ఈ కొండల రాయి కూడా కాదు, ఎక్కణ్ణుంచో ఏ పాత వరదో ఇక్కడికి దొర్లించుకొచ్చింది. వలయాలు వేలితో చూపించి, ఇది మంచి వానల ఏడు, ఇది కరువు ఏడు అని చెప్పాడు.

వీధిలో జనం మూగారు. అమీను కూడా తడిక తీసి అరుగు దిగి వచ్చాడు. అంతా విన్నాడు. ఆయన మొహం దీపావళి మతాబాలా వెలిగిపోయింది.

“విన్నారా అందరూ? చదువుకున్న బాబు నోటితో విన్నారా? మానేనట. నేను మానని సుత్తి వేశానా లేదా?”

ఇన్నేళ్ళూ ఊరందరి చేతా అనిపించిన మాట ఒక్క క్షణంలో ఆయన పక్కకి వెళ్ళిపోయినట్టయింది. ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆవిడ బాబు వైపు తిరిగి మెల్లగా అడిగింది.

“బాబూ, ఒకప్పుడు మాను. మరిప్పుడేటి?”

మా నాన్న అడిగి చెప్పాడు. “ఇప్పుడు రాయేనట. పూర్తిగా రాయేనట.”

అప్పుడు అమీను వైపు తిరిగింది. “ఒకప్పుడు మానే. ఆ లెక్కనైతే నువ్వూ ఒకప్పుడు మనిషివే.”

జనం నవ్వారు. ఆ నవ్వు వినడానికే ఆవిడ ఇన్నేళ్ళూ కాచుకుందేమో అనిపించింది నాకు. అమీను మాత్రం మాట మార్చుకోలేదు. తడిక కట్టేసుకుంటూ కూడా “మానే, మానే” అనుకుంటూ వెళ్ళాడు. చచ్చేదాకా అదే అన్నాడు.

ఆ సాయంత్రం అడితత్త రాతిమాను పక్కన నిలబడి వలయాల మీద వేలు తిప్పుతూ ఉండిపోయింది. ఆవిడ దాని మీద ఎప్పుడూ కూర్చునేది కాదు. ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు.

“పిట్టల్లేని అడవంట అమ్మీ. ఎంత సప్పుడు లేకుండా ఉండి ఉంటాదో.”

“నీకు భయం వేస్తోందా అత్తా?”

“బయమేటి. ఎంత కాలం మట్టిలో పడుందో సూడు. కుళ్ళనేదు, కరగనేదు. నేనూ అలాగే పడుంటాను. ఆడు సెప్పేదాకా.”

నాకు అప్పుడు ఆవిడ మీద జాలి వేయలేదు. ఆవిడ గెలవాలని కోరుకున్నాను. మొక్కుకున్నాను కూడా.

అమీను పని మాని ఇంట్లో కూర్చున్నాక కొన్నాళ్ళకి మంచాన పడ్డాడు. శ్రావణమాసంలో పోయాడు. ఆ ఏడు ముసురు పట్టింది. నాగావళి ఒడ్లు దాటి పారుతోంది, అడవి వైపు బళ్ళు కదలడం లేదు. ఊళ్ళో ఎవరింట చూసినా తడికట్టెలే, పొయ్యి ఊది ఊది ఆడవాళ్ళ కళ్ళు వాచిపోయాయి. ఎండుకట్టె ఒక్క చోటే ఉంది. అడితత్త సాలలో, రేకుల కింద, పేర్చి ఉంది.

పొద్దున్న పోయినవాణ్ణి మధ్యాహ్నం దాటుతున్నా తీయలేదు. చివరికి అమీను కొడుకు తడిసిన పంచెతో వీధి దాటి వచ్చాడు. ముప్ఫై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. అడితి గుమ్మం ముందు నిలబడి, “పిన్నీ, కట్టెలు,” అన్నాడు.

ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. రాతిమాను మీదనుంచి వాననీళ్ళు కారుతున్నాయి.

“గుమ్మం ముందే ఉన్నాది కదరా. మీ నాన్న ఎంచిన మాను. తీసుకెళ్ళి కాల్చుకో.”

వీధిలో ఇళ్ళ చూరుల కింద జనం చేరారు. మా నాన్న గొడుగు కూడా లేకుండా వెళ్ళాడు.

“చెల్లెమ్మా, తప్పు. శవం మీద పగేమిటి?”

“శవం మీద కాదన్నా. ఆ నోట్లోంచొచ్చిన మాట ఇంకా బతికే ఉన్నాది. నేను దాన్ని అడుగుతున్నాను.” మళ్ళీ అతని వైపు తిరిగింది. “సెప్పరా. ఇదేటి?”

అతను ఆవిడకి మాత్రమే వినపడేలా గొణిగాడు.

“నాకు కాదు. ఈదికి సెప్పు.”

“రాయి,” అన్నాడు వీధి వైపు తిరిగి. “అది రాయి.”

“మానని ఎవులన్నారు?”

“మా నాన్న.”

“తెలీక అన్నాడా, తెలిసే అన్నాడా?”

అతనికి నిజంగా తెలియదు. అప్పుడు అమీను ఇంటి గుమ్మంలోంచి ఆయన భార్య బయటికి వచ్చింది. శవం తలాపు దగ్గరనుంచి లేచి వచ్చింది, జుట్టు విడిపోయి ఉంది. ఆవిడ ఎప్పుడూ వీధిలో గొంతెత్తి మాట్లాడడం మేం వినలేదు. అరుగు స్తంభం పట్టుకుని, వానలోకి చూస్తూ చెప్పింది.

“తెలిసే అన్నారు. సుత్తి వేసిన రోజు సాయంత్రం కుడిచెయ్యి వాచిపోయి ఇంటికి వచ్చారు. ఉప్పుకాపడం పెట్టమన్నారు. ఏమైందని అడిగితే, రాయి మీద కొట్టాను, చెయ్యి జిల్లుమంది, ఎవరితోనూ అనకు అన్నారు. నేనే కాపడం పెట్టాను.”

నాకు ఒళ్ళంతా మండిపోయింది. అమీనుకి మొదటి రోజునే తెలుసు. ఈవిడ పెనిమిటి అరుగు ముందుకొచ్చి చూడమని బతిమాలిన రోజున కూడా ఆ చెయ్యి ఇంకా వాచే ఉండి ఉంటుంది. ఒక్క మాట, పొరపాటైంది అని ఒక్క మాట అంటే అడితత్త పెనిమిటి ఈపాటికి అడితిలో కర్రలు దింపుకుంటూ ఉండేవాడు.

అడితత్త ఆవిడని తిట్టలేదు. శపించలేదు. మెల్లగా నడిచి వచ్చి రాతిమాను మీద కూర్చుంది. మొదటిసారి. వానలో అలా కాసేపు కూర్చుని, “ఎత్తండర్రా,” అంది కూలీలతో. “ఎండుకట్టె ఎత్తండి. మంచిది సూసి ఎత్తండి. ఏగిస కట్టె ఎయ్యండి, బాగా మండుతాది.”

అమీను కొడుకు దండం పెట్టబోయాడు.

“ఎట్టకు,” అంది. “క్షమించేననుకునేవు.”

ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. అడితత్త వెళ్ళింది. ఎవరో అడ్డం చెప్పబోతే, “కట్టె నాది. కాలిందో నేదో సూసుకోవాల,” అంది. కట్టెల బండి వెనకాల, వానలో, అదే నెమ్మది నడక. ఎవరికీ ఆపే ధైర్యం లేకపోయింది.

నేను మా అరుగు మీద కూర్చుని ఎదురుచూశాను. వాన తెరిపిచ్చింది. ఆవిడ నాగావళిలో స్నానం చేసి, తడిబట్టలతో, కొంగున ఆ పేడు ముడి అలాగే ఉండగా వచ్చింది. అడితిలోకి వెళ్ళకుండా నా దగ్గరికి వచ్చి నిలబడింది. ఆవిడ మొహంలో ఏడుపు లేదు, నవ్వు లేదు. ఎండిన మానుని తట్టి, చెవి ఆనించి, సరేనని పక్కన పెట్టించేటప్పుడు ఉండే మొహమే ఉంది.

“కుడిసెయ్యి మీద ఎండు ఏగిస కట్టె నేనే దగ్గరుండి ఎట్టించేను,” అంది. “అదే ముందు కాలింది అమ్మీ. సూసే వచ్చేను.”